తాండూరు నాపరాయి – పగడాల తొట్టి

తాండూరు వైపు వచ్చిన మిత్రులకు నాపరాయి కొత్త కాదు. పాలిషు యూనిట్ల వెనుక పనికిరాని ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. మా చేను గట్టు దాకా వచ్చిపడ్డవీ ఉన్నాయి. పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం అడుగున వీటిని పరవవచ్చునా అని మా హాస్టల్లో ఒకసారి వాదన జరిగింది. "సున్నపురాయే గదా, కరిగి పగడానికి సున్నం ఇస్తుంది" అన్నారు కొందరు. ఆ మాట సగమే నిజం.

అడుగున రాళ్ళు ఎందుకో ముందు చూద్దాం. చేపల మలం, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైటుగా, ఇంకొక రకం నైట్రేటుగా మారుస్తాయి. వాటికి ప్రాణవాయువు కావాలి, అతుక్కోవడానికి చోటు కావాలి. వదులుగా పోసిన రాళ్ళు రెండూ ఇస్తాయి. సున్నం పెట్టకుండా కట్టిన బాయి రాతికట్టు సందుల్లోంచి నీరు ఊరినట్లే ఇక్కడా నీరు ఆడుతుంది. రాయికి సన్నని రంధ్రాలుంటే, ప్రాణవాయువు అందని లోపలి భాగంలో వేరే బాక్టీరియా నైట్రేటును విడగొట్టి నత్రజనిని గాలిలోకి వదిలేస్తాయి. మన కంది వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తాయి. ఇది సరిగ్గా దానికి ఎదురు పని! చేనుకు బలమిచ్చే నైట్రేటే తొట్టిలో మితిమీరితే పాచి పెరిగి పగడాన్ని కమ్మేస్తుంది.

ఇక సున్నం సంగతి. నిమ్మరసం పోస్తే నాపరాయి పొంగే మాట నిజమే. కాని సముద్రపు నీటి పీహెచ్ సుమారు 8.2. ఆ నీటిలో సున్నపురాయి కరగదు. లీటరుకు 400 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం అందులో ముందే ఉంటుంది. పగడం తీసుకున్న కొద్దీ మనమే విడిగా కలుపుకోవాలి.

నాపరాయికి అసలు చిక్కు దాని ఒడుపులోనే ఉంది. అది గట్టి రాయి, రంధ్రాలు తక్కువ. పైగా పలకలుగా చీలుతుంది. పలక మీద పలక పడితే నీరు ఆడదు, మడ్డి పేరుకుంటుంది, కుళ్ళిన గుడ్డు వాసన వేసే విషవాయువు పుడుతుంది. వికారాబాదు అనంతగిరి ఎర్రరాయికి రంధ్రాలున్నా, దానిలో ఇనుము ఎక్కువ. మంచినీటి మొక్కల తొట్టికి సరే, పగడాలకు నేనైతే వేయను.

అన్నిటికన్నా మేలైనది పగడపు ముక్కలే. అయితే మన్నారు సింధుశాఖలో సున్నం కోసం ఏళ్ళ తరబడి పగడపు దిబ్బలను తవ్విపోశారు. 2001లో దిబ్బలు కట్టే పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఎవరైనా చాటుగా అమ్మజూపినా కొనరాదు. సముద్రంలో ఒక దిబ్బను చెరిపి ఇంట్లో గాజుతొట్టి నింపుకోవడం ఏమి ముచ్చట?

కాబట్టి నాపరాయే వేయదలిస్తే పలకలు ఏరి పారేసి, రెండు మూడు అంగుళాల గుండ్రటి, వంకర ముక్కలే తీసుకోవాలి. రాతిపొడి, గ్రీజు మరకలు లేకుండా కడగాలి. పెద్ద బండలను ముందే తొట్టి అడుగున కుదురుగా నిలిపి, చుట్టూ ముక్కలు పోయాలి. ముక్కల మీద బండ పెడితే ఒకనాడు జారి గాజు పగులుతుంది. పాత తొట్టిలోని రాళ్ళు గుప్పెడు కలిపితే బాక్టీరియా త్వరగా అంటుకుంటాయి. నెల, నెలన్నర ఆగి, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాకనే చేపను వదలాలి. సందుల్లో చేరే మడ్డిని మాత్రం గొట్టంతో లాగేస్తూ ఉండాలి సుమా!