కార్డు బరువు మోసే పెట్టె

హైదరాబాద్ మూసారాంబాగ్ పేరే ఒక విశేషం. నిజాం కొలువులో చేసిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను ఇక్కడి ముస్లిములు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాముడనీ పిలుచుకున్నారట. ఆ పేరే ఈ పేటకు నిలిచింది. ఇప్పుడీ గల్లీల్లో అద్దె గదుల కుర్రాళ్ల నోట తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "అన్నా, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటున్నా, నా ఎస్ఎంపీఎస్ సరిపోతుందా?" సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారైన చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి డబ్బు కట్టకముందే తేల్చుకోవలసిన సంగతి ఇది. ఎస్ఎంపీఎస్ అంటే పీసీకి కరెంటు అందించే పెట్టె, పవర్ సప్లై. ఈ ప్రశ్న వెనక ఎన్ని రికార్డులున్నాయో చూడండి.

1981లో ఐబీఎం తెచ్చిన తొలి పీసీలో పవర్ సప్లై సామర్థ్యం 63.5 వాట్లు. బోర్డు, ఫ్లాపీ డ్రైవులు, అన్నీ దాని మీదే నడిచాయి. 2025 జనవరిలో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090 కార్డు ఒక్కటే 575 వాట్లు తీసుకుంటుంది. అంటే ఆనాటి తొమ్మిది పీసీల పెట్టెలు కలిసినా ఈనాటి ఒక్క కార్డుకు చాలవు. ఇంట్లో పచ్చడి రుబ్బే 500 వాట్ల మిక్సీ కన్నా ఇదే ఎక్కువ. పైగా మిక్సీ తిరిగేది ఐదు నిమిషాలు. కార్డు పూర్తి జోరు మీద మూడు గంటలు నడిస్తే మీటరులో 1.7 యూనిట్లు పడతాయి. దీనికి కనీసం 1000 వాట్ల పవర్ సప్లై పెట్టుకోమని కంపెనీయే చెబుతోంది.

అన్నిటికన్నా మనకు దగ్గరి కథ కొవ్వూరు కుర్రాడిది. గోదావరి గట్టున పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన రాజా కోడూరి 2015లో ఏఎండీ కంపెనీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు. మరుసటి ఏడాది జూన్‌లో ఆ విభాగం నుంచి ఆర్ఎక్స్ 480 వచ్చింది. సామాన్యుడికి అందే ధరలో మంచి కార్డు. మదర్‌బోర్డు స్లాటు నుంచి 75 వాట్లు, ఆరు పిన్నుల తీగ నుంచి మరో 75. పరిశ్రమ నియమం ప్రకారం రెండూ కలిపి 150. కార్డుకు కావలసిందీ సరిగ్గా 150. లెక్క కుదిరింది గానీ వెసులుబాటు మిగల్లేదు. పరీక్షించినవాళ్లు కొలిచి చూస్తే స్లాటు మీద భారం 75 దాటుతోంది. ఏఎండీ రోజుల వ్యవధిలోనే కొత్త డ్రైవర్ విడుదల చేసి, ఆ భారాన్ని స్లాటు మీద తగ్గించి తీగ మీదికి మళ్లించింది. స్లాటులోని సన్నని రేకుల కంటే తీగ ఎక్కువ కరెంటు మోయగలదు మరి. ఒక్క సాఫ్ట్‌వేర్ మార్పుతో కరెంటు దారి మార్చిన ఆ పని నాకు ఎప్పటికీ అబ్బురమే.

నియమాన్ని దర్జాగా దాటిన కార్డూ ఏఎండీదే. 2014 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్9 295ఎక్స్2లో రెండు చిప్‌లు, చల్లబరచడానికి నీళ్ల గొట్టాలు ఉండేవి. ఎనిమిది పిన్నుల తీగలు రెండు కలిపి 300, స్లాటు 75, మొత్తం 375 వాట్లకే నియమం ఒప్పుకుంటుంది. అది తీసుకున్నది 500.

పొదుపైన కార్డు చూడాలంటే 2016లో వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 1050 టీఐ. 75 వాట్లలోపే నడుస్తుంది, చాలా మోడళ్లకు విడిగా తీగే అక్కర్లేదు. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ కార్డుకైతే 70 వాట్లు చాలు. ఆఫీసుల నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన డెస్క్‌టాప్ వాడే విద్యార్థికి నా ఓటు ఇలాంటి కార్డులకే.

ఇక అతి చిన్న క్షణం గురించి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం, పెద్ద కార్డులకు తయారైన పవర్ సప్లై తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. అంటే సెకనులో పదివేలవ వంతు. ఆట మధ్యలో పీసీ ఉన్నట్టుండి ఆరిపోవడానికి ఒక కారణం ఇలాంటి కుదుపే. సగటు వాడకం లెక్కలో అది కనిపించదు. అదే ఏడాది వచ్చిన పదహారు పిన్నుల కొత్త తీగ 600 వాట్లు మోస్తుంది. 12 వోల్టుల మీద అది 50 ఆంపియర్లు. ఆ కనెక్టర్ చివరిదాకా దిగకపోతే వేడెక్కి కరిగిన సంఘటనలూ జరిగాయి.

పెద్ద పెట్టెల్లో 1600 వాట్లవి బజారులోనే దొరుకుతాయి. మన గోడకున్న 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల మీద ఇవ్వగలిగింది 1380 వాట్లే. కాబట్టి అలాంటి పెట్టెను పూర్తిగా వాడాలంటే గీజరుకు పెట్టే 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి.

ఒక అపోహ కూడా తీర్చాలి. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ ముద్ర ఉన్న 500 వాట్ల పెట్టె 400 వాట్లే ఇస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది 500 ఇస్తుంది, గోడ నుంచి అంతకన్నా ఎక్కువ తీసుకుంటుంది. ఆ ముద్రల్లో ఉన్నత శ్రేణికి చెందిన టైటానియం, 230 వోల్టుల మీద సగం భారంలో 96 శాతం సామర్థ్యం చూపాలి.

కేబినెట్‌తో పాటు వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో రాసిన అంకెను నమ్మకండి. పక్కన చీటీలో 12 వోల్టుల వరుస వెతకండి. అక్కడ 16 ఆంపియర్లని ఉంటే, పైన 450 అని రాసినా, కార్డుకూ ప్రాసెసర్‌కూ కలిపి దొరికేది 192 వాట్లే. యూపీఎస్‌నూ చూసుకోండి. సాధారణంగా 600 వీఏ అని రాసినది మోసేది 360 వాట్లే. కార్డు, ప్రాసెసర్ వాట్లు కలిపి, మిగతా భాగాలకు మరో వంద వేసి, మొత్తం మీద మూడో వంతు వెసులుబాటు ఉంచండి. అంత లేకపోతే ముందు పవర్ సప్లై మార్చి, కార్డు వచ్చే నెల కొనుక్కోండి.