డిస్కు మొదటి సెక్టారు ఏం చెబుతుంది?

పొలం హద్దు తేలాలంటే ముందు సర్వే రాయి వెతుకుతాం. డిస్కు రకం తేలాలన్నా అంతే, దాని మొదటి సెక్టారు చూడాలి. సాధారణంగా ఇది 512 బైట్లు. దీన్ని ప్రోగ్రాము ద్వారా చదివే పద్ధతి తోటి విద్యార్థులకు పనికొస్తుందని నాలుగు ముక్కల్లో చెబుతాను.

లినక్సులో డిస్కు కూడా ఒక ఫైలు లాంటిదే. అడ్మినిస్ట్రేటరు అనుమతితో, చదవడానికి మాత్రమే తెరిచి, మొదటి 512 బైట్లు తెచ్చుకోవాలి. పైథాన్‌లో ఇది మూడు నాలుగు వరుసల పని. స్థానాల లెక్క సున్నాతో మొదలు. 510, 511 స్థానాల్లో హెక్సా అంకెల్లో 55, ఏఏ ఉండాలి. దస్తావేజు చివర ముద్ర లాంటిదన్న మాట.

ఇక్కడో మెలిక ఉంది. డిస్కును భాగాలు చేసి ఉంటే, మొదటి సెక్టారులో 446వ స్థానం నుంచి పంపకాల పట్టిక ఉంటుంది. నాలుగు పద్దులు, ఒక్కోటి 16 బైట్లు. ప్రతి పద్దులో ఒక గుర్తు: 07 అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ గాని ఎక్స్‌ఫ్యాట్ గాని, 0సి అయితే ఫ్యాట్32, 83 అయితే లినక్స్. ఈఈ కనిపిస్తే అది జీపీటీ పద్ధతి, అసలు పట్టిక వేరే చోట ఉంటుంది.

భాగం మొదలయ్యే చోట దాని సొంత బూట్ సెక్టారు దొరుకుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ రెండూ 3వ స్థానం నుంచి తమ పేరే రాసుకుంటాయి. ఫ్యాట్‌లో 11, 12 స్థానాలు సెక్టారు కొలత చెబుతాయి. చిన్న బైటు ముందు, పెద్దది వెనుక. 00, 02 ఉంటే 2×256, అంటే 512. 21వ స్థానంలో ఎఫ్‌0 ఉంటే 1.44 ఎంబీ ఫ్లాపీ కావచ్చు, ఎఫ్‌8 అయితే హార్డ్ డిస్కు. కాని పెన్‌డ్రైవులు కూడా తరచు ఎఫ్‌8 అనే చెప్పుకుంటాయి. కనుక ఆ ఒక్క బైటు మాట నమ్మి తీర్పు చెప్పరాదు. ఫ్యాట్12, 16, 32ల తేడా కూడా పేరుతో కాదు, క్లస్టర్ల లెక్కతో తేల్చాలి: 4085కు తక్కువైతే 12, 65525కు తక్కువైతే 16, ఆపైన 32.

ఇదంతా ఎందుకంటారా? మా నాన్నగారు పట్టాదారు పాసుపుస్తకం, పాత దస్తావేజుల స్కాన్లు ఒక పెన్‌డ్రైవులో దాచారు. కంప్యూటరులో పెడితే "ఫార్మాట్ చేయాలి" అంది. చదివి చూద్దును గదా, భాగం మొదటి సెక్టారు నిండా సున్నాలు! ఫ్యాట్32 మామూలుగా 6వ సెక్టారులో బూట్ సెక్టారుకు నకలు ఉంచుతుంది. అక్కడ అన్నీ పదిలంగా ఉన్నాయి. ముందు డ్రైవు మొత్తానికి ప్రతి తీసి, ఆ ప్రతిలో నకలును మొదటికి చేర్చాను. కాగితాలన్నీ తెరుచుకున్నాయి.

మిత్రులారా, యంత్రం అడిగింది గదా అని ఊఁ కొట్టకండి. ముందు చదవండి, రాయడం తరువాత.