కార్చిచ్చు: వేసవిలో అడవి చెంత నివసించువారు తెలిసికొనవలసిన సంగతులు

ఫాల్గుణ మాసము దాటునప్పటికి నల్లమల వంటి అడవులలో టేకు, నల్లమద్ది, తునికి మొదలగు చెట్లు ఆకు రాల్చి మోడులై నిలుచును. నేలమీద ఎండుటాకు దట్టముగా పేరుకొనును. గాలిలో తేమ సన్నగిల్లును. అట్టి తరుణమున ఆర్పక పారవేసిన ఒక్క చుట్టపీక చాలును.

వెదురును వెదురు రాచుకొని నిప్పు పుట్టునని పెద్దలు చెప్పుట కలదు. పిడుగు వలనను అరుదుగా మంటలు లేచును. కాని భారతదేశమున కార్చిచ్చులలో అత్యధిక భాగము మనుష్యుల చేతినుండి పుట్టినవే. ఒకరిని నిందించుటకై ఈ మాట చెప్పుట లేదు. కారణము తెలిసిననే నివారణకు దారి దొరకును.

ఇప్పపూవు సంగతి చూడుడు. ఈ పూవు తెల్లవారుజామున నేల రాలును. ఎండుటాకుల నడుమ దానిని ఏరుట కష్టము గనుక, చెట్టు క్రింది ఆకునకు నిప్పు పెట్టి నేల శుభ్రపరచుకొనుట అనేక చోట్ల వాడుక. ఉదయము ఆరినట్లు కనిపించిన బూడిదలోని నిప్పు మధ్యాహ్నపు వడగాలికి రాజుకొని కొండ ఎక్కును. దీనికి బదులు ఆకును చీపురుతో ఊడ్చి, చెట్టు క్రింద పాత చీరయో వలయో పరచినచో పూవు మసి, మట్టి అంటక శుభ్రముగా దొరకును. అట్టి సరకునకు ధరయు మేలుగా పలుకవచ్చును. బీడీ ఆకునకు లేత చిగురు రావలెనని తునికి పొదలను కాల్చుట ఇట్టిదే మరియొక అలవాటు. వేసవి మొదటనే పొదలను నరికినచో, నిప్పుతో పనిలేకయే చిగురు వచ్చును.

రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము ప్రకారము నేరము. మంటలు వ్యాపింపకుండుటకై అటవీశాఖవారు ముందుగానే అగ్నిరేఖలు తీయుదురు. అనగా కొంత వెడల్పున ఆకు, గడ్డి లేకుండ చేసిన బాటలు. డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహముల సాయమున మంటలను గుర్తించి సిబ్బంది ఫోనులకు వార్త పంపుచున్నది. అయినను ఉపగ్రహము దినమునకు కొన్ని పర్యాయములు మాత్రమే పైనుండి చూచును. పొగను ముందుగా చూచువాడు పశువుల కాపరియే. ఆతడు వెంటనే అటవీ ఉద్యోగికి తెలుపవలెను.

2018 మార్చి 11వ తేదీన తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండలలో నడకకు వెళ్లినవారు ఎండుగడ్డి మంటలలో చిక్కుకొనిరి. 20 మందికి పైగా మరణించిరి. మంట ఏటవాలున పైకి ఎంతో వేగముగా ప్రాకును. జ్వాల తన ముందరి గడ్డిని ముందే కాచి సిద్ధము చేయును. కావున మంట దిగువనున్నప్పుడు కొండ పైకి పరుగెత్తరాదు. ప్రక్కకు తొలగి, గడ్డి లేని బండలు, వాగు, లేక ఇదివరకే కాలి చల్లారిన నేల చేరుకొనవలెను. నైలాను బట్టలు కరగి చర్మమునకు అంటుకొనును. అడవికి వెళ్లువారికి నూలు బట్టలే మేలు.

మంట ఊరు చేరకపోయినను పొగ చేరును. పొగలోని అతిసూక్ష్మ కణములు ఊపిరితిత్తుల లోతులకు పోవును. ఉబ్బసము, గుండెజబ్బు కలవారు, గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు తలుపులు మూసికొని ఇంటిలోనే ఉండవలెను. ముఖమునకు చుట్టుకొనిన తువాలు ఈ కణములను ఆపజాలదు. ముఖమునకు బిగువుగా అమరిన ఎన్-95 మాస్కు చాలవరకు ఆపును.

కాలిన గాయముపై సిరా, పసుపు, నూనె, పేడ పూయుట హానికరము. వెంటనే 20 నిమిషములపాటు ధారగా చల్లని నీరు పోయవలెను. మంచుగడ్డ పనికిరాదు. వాపు రాకముందే గాజులు, ఉంగరములు తీసివేయవలెను. చర్మమునకు అంటిన బట్టను లాగరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి, 108 వాహనమును పిలువవలెను. పొగ పీల్చినవానికి పైకి గాయమేదియు లేకున్నను, మరునాడైనను ఆయాసము, గొంతు బొంగురుపోవుట, మత్తు కనిపించినచో ఆలస్యము చేయక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.