స్నానాల గది నేర్పిన పాఠం

అమ్మ స్నానానికి వెళ్ళి అయిదు నిముషాలైనా కాలేదు. లోపలి నుండి ఏదో పడిన చప్పుడు, ఆ వెంటనే ‘ఒరేయ్’ అన్న సన్నని కేక వినిపించాయి. పరుగెత్తి తలుపు నెట్టి చూచాను. 78 ఏళ్ళ ఆ తల్లి నిగనిగలాడే కొత్త గచ్చు మీద కూలబడి ఉంది. చెంబు ఒక మూలకు దొర్లిపోయింది. గుమ్మం దగ్గర రెండంగుళాల మేర నీరు మడుగు కట్టి ఉంది.

అదృష్టవశాత్తు ఎముక విరుగలేదు. కాని ఆ క్షణంలో నాకు కలిగిన బాధ వేరు. ఆమె జారిపడకూడదనే గదా ఆ గదిని పగులగొట్టించి కొత్తగా కట్టించాను! పని ముగిసి అప్పటికి పదకొండు రోజులే అయింది.

సూరత్ నగరానికి ఉత్తరాన, బొంబాయి నుండి అహమ్మదాబాదు వెళ్ళే రైలు మార్గంలో కిమ్ అనే స్టేషను ఉన్నది. పక్కనే అదే పేరు గల నది. చెరకు పండే నల్లరేగడి పొలాల నడుమ ఇప్పుడు మరమగ్గాల షెడ్లు బారులు తీరి ఉన్నాయి. తెలంగాణ జిల్లాల నుండి సూరత్ ప్రాంతానికి వలస వచ్చిన వేలాది నేత కుటుంబాలలో మాదీ ఒకటి. చాలా ఏళ్ళు లింబాయత్‌లో అద్దె ఇంట ఉండి, చివరకు కిమ్‌లో చిన్న ఇల్లు కొనుక్కున్నాము. 2023లో అమ్మకు మోకాళ్ళ నొప్పులు ముదిరినప్పుడు, నేలబారు మరుగుదొడ్డి తీసివేసి కుర్చీ వంటిది పెట్టించి, గోడలకు పట్టుకొనే కడ్డీలు బిగించి, జారని టైల్సు పరిపించాలని నిశ్చయించాను.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఒక్క స్నానాల గది కట్టి చూచినా చాలునని వారు ఎందుకు చెప్పలేదో తెలియదు!

తాపీ మేస్త్రీ దొరికాడు. సామాను నాది, పని అతనిది. కూలి గుత్తగా 42,000 రూపాయలు. కాగితం ఏదీ వ్రాసుకొనలేదు. ‘మనుషుల మాటే చాలు కాకా’ అన్నాడతడు. నాకూ అది బాగుందనిపించింది. గోడ పగులగొట్టిన నాడు 20,000, టైల్సు మొదలుపెట్టిన నాడు 16,000 ఇచ్చాను. దీపావళికి మా అమ్మాయి, అల్లుడు వస్తున్నారు. ‘పండుగలోపు ముగియాలి భాయ్’ అని రోజూ తొందరపెట్టాను. పని ముగిసింది. చూపులకు గది అద్దంలా ఉంది.

తరువాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. నీరు రంధ్రం వైపు పోక గుమ్మం వైపు వచ్చేది. పక్కనున్న సామాన్ల గది గోడ అడుగున చెమ్మ కనిపించింది. కుళాయి కింద రెండు టైల్సు కదిలాయి. చివరకు అమ్మ పడింది.

కోపం వలన కలిగిన నష్టం

నేను మొదట చేసినది అందరూ చేసేదే. ఫోను చేసి నోటికి వచ్చినట్లు తిట్టాను. అతడూ ఊరుకోలేదు. మరునాటి నుండి నా ఫోను ఎత్తడం మానివేశాడు. మరొక మేస్త్రీని పిలిచి చూపించగా, అంతా తిరిగి చేయాలనీ, కూలి 28,000 అవుతుందనీ చెప్పాడు. సామాను అదనం. నా చేతిలో మిగిలి ఉన్నది మొదటి మేస్త్రీకి ఇవ్వవలసిన 6,000 మాత్రమే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లయింది నా పని.

మా వీధిలో ప్రభుత్వ కట్టడాల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న గుజరాతీ పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన నా గోడంతా విని ఒకే ఒక ప్రశ్న వేశారు: ‘మీ మగ్గం మీద నేసిన గుడ్డను వ్యాపారి తిప్పి పంపితే, బాగా లేదు అని ఊరుకుంటాడా? ఎన్నో మీటరు దగ్గర పోగు తెగిందో, ఎక్కడ మరక పడిందో చూపుతాడా?’

చూపుతాడు. చూపకపోతే మేము ఒప్పుకోము.

‘అయితే మీరూ అదే చేయండి. పని పాడుచేశాడనడం తిట్టు అవుతుంది. ఈ మూలకు వాటం ముప్పావు అంగుళం తక్కువైంది అని చెబితే అది లెక్క. తిట్టుకు తిట్టే జవాబు. లెక్కకు లెక్కే చెప్పవలసి ఉంటుంది’ అన్నారాయన.

నాలుగు పరీక్షలు

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి చేయించిన పరీక్షలు ఏ గృహస్థు అయినా చేసుకొనదగినవి. వీటికి పెద్ద పరికరాలు అక్కరలేదు.

మొదటిది వాటం. స్నానాల గది నేల, నీరు పోయే రంధ్రం వైపు అడుగుకు కనీసం అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున దిగాలి. అనగా ఆరడుగుల గదిలో ముప్పావు అంగుళం. రసమట్టం పెట్టి చూస్తే మా గది గుమ్మం వైపే కొద్దిగా వాలి ఉంది. రసమట్టం లేనివారు బకెట్టు నీరు కుమ్మరించి ఎటు పోతుందో చూడవచ్చు. పిల్లలు ఆడుకొనే గోలీ అయినా నిజం చెబుతుంది.

రెండవది చప్పుడు. నాణెంతో ప్రతి టైలునూ తట్టి చూడాలి. గట్టిగా అతుక్కున్న టైలు నిండు చప్పుడు చేస్తుంది. లోపల ఖాళీ ఉన్నది డొల్లగా మ్రోగుతుంది. మా గదిలో 31 టైల్సు డొల్ల పలికాయి. ఒక్కొక్క దానిమీద సుద్దతో గుర్తు పెట్టి ఫోటో తీశాము.

మూడవది నీటి నిలువ పరీక్ష. రంధ్రాన్ని గుడ్డతో బిగించి, గుమ్మానికి అడ్డుకట్ట వేసి, నేలపై అంగుళం ఎత్తున నీరు నిలిపి 48 గంటలు ఉంచాలి. నీటిమట్టం దగ్గర గోడ మీద గీత గీయాలి. ఆవిరై పోయేది కొద్దిపాటి నీరే. అంతకు మించి తగ్గినా, పక్క గోడకు చెమ్మ పెరిగినా, మేడ మీది గది అయితే కింది పైకప్పు తడిసినా, లోపల నీరు ఇంకుతున్నదన్న మాట. టైల్సు నీటిని ఆపుతాయన్న భావన పొరపాటు. వాటి సందుల గుండా నీరు దిగుతూనే ఉంటుంది. నీటిని ఆపవలసినది టైల్సు కింద వేసే నీటి నిరోధక పూత. దానిని నేలతో సరిపెట్టక గోడల మీదికి కూడా కనీసం అడుగెత్తు వరకు పూయాలి. ఈ పరీక్షను అసలు చేయవలసినది ఆ పూత ఆరిన తరువాత, టైల్సు పరవక ముందు.

నాలుగవది గొట్టాలు. గోడలో పూడ్చే గొట్టాలలో గోడ మూయక ముందే ఒత్తిడితో నీరు నింపి, ఎక్కడా కారడం లేదని చూచుకోవాలి. మా గొట్టాలు బాగానే ఉన్నాయి. ఆ మాట కూడా కాగితం మీద వ్రాయించారు ఇంజనీరు గారు. ‘బాగున్నదానిని బాగున్నదని వ్రాస్తేనే బాగాలేని దానిని నమ్ముతారు’ అన్నారు.

చట్టం ఏమంటుంది?

ఇటువంటి తగాదా ఈనాటిది కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 73వ సెక్షనులోనే అచ్చంగా ఇదే ఉదాహరణ ఉన్నది: ఒకడు మరొకని ఇల్లు ఫలానా విధంగా బాగుచేస్తానని ముందుగా సొమ్ము తీసుకొని, బాగుచేశాడు గాని ఒప్పందం ప్రకారం చేయలేదు. అప్పుడు దానిని ఒప్పందానికి సరిపడేలా చేయించడానికి అయ్యే ఖర్చును ఇంటి యజమాని రాబట్టుకొనవచ్చు. నోటిమాట ఒప్పందానికీ విలువ ఉన్నది. దానిని రుజువు చేయడమే కష్టం.

వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. ఇల్లు కట్టిపెట్టడం కూడా ‘సేవ’యే అని సుప్రీంకోర్టు 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో స్పష్టం చేసింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2020 జూలై నుండి వర్తిస్తున్న 2019 చట్టం. దీని ప్రకారం ఫిర్యాదు చేసేవారు తాము నివసించే జిల్లాలోని కమిషనులోనే దావా వేయవచ్చు. వ్యవహారం తలెత్తిన నాటి నుండి రెండేళ్ళలోగా వేయాలి. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. అంతకు ముందే సలహా కొరకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు.

ఇవన్నీ తెలుసుకున్న తరువాత నాకు ధైర్యం వచ్చింది. కాని ఇంజనీరు గారు వెంటనే దావా వేయనివ్వలేదు. ‘ముందు ఉత్తరం వ్రాయండి. కమిషను కూడా మొదట అడిగేది, సరిచేసే అవకాశం ఇచ్చారా అనే. పైగా మీకు కావలసింది డబ్బా, గదా?’

నాకు కావలసింది గది. అమ్మ భయపడకుండా నిలబడగలిగే నాలుగు చదరపు గజాల నేల.

నేను వ్రాయలేకపోయిన వాక్యం

ఉత్తరం ఒక పుట. ఎవరు, ఏ తేదీన, ఏ పనికి ఒప్పుకున్నారో, ఎంత చెల్లించానో, లోపాలు ఏమిటో వరుస సంఖ్యలతో వ్రాశాను. 15 రోజులలో వచ్చి చూడవలసిందని కోరాను. ఫోటోలు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాను. ఒక్క తిట్టు లేదు.

తొమ్మిదవ రోజున మేస్త్రీ వచ్చాడు. సుద్ద గుర్తులున్న టైల్సును తానే వేలి గెణుపుతో తట్టుతూ గది అంతా తిరిగాడు. చాలాసేపటికి నోరు విప్పాడు.

‘వాటం నా తప్పే కాకా. పూత ఆరకుండా టైల్సు వేసిందీ నేనే. కాని టైల్సు ఊడినందుకు నన్ను ఒక్కడినే అనకండి. జిగురు బస్తాలు తెమ్మని నేను అడగలేదా?’

అడిగాడు. నాకు గుర్తున్నది. మొరబీ నుండి వచ్చిన ఈ కొత్తరకం టైల్సుకు సిమెంటు పాలు పట్టవనీ, ప్రత్యేకమైన జిగురు కావాలనీ చెప్పాడు. ‘మా ఊళ్ళో అందరూ సిమెంటుతోనే అతికిస్తారు’ అని నేనే కొట్టిపారేశాను. ఆరు వేలు మిగిలాయని సంతోషించాను కూడా. తరువాత తెలిసింది: పాతకాలపు గోడ టైల్సు తమ బరువులో నూటికి పది పాళ్ళకు మించి నీరు పీల్చుతాయి, అందుచేత సిమెంటు వాటిని పట్టుకుంటుంది. విట్రిఫైడ్ టైల్సు అర పాలు కూడా పీల్చవు. నున్నని గాజుకు అతికించినట్లే.

పూత ఆరడానికి అతడు అడిగిన వ్యవధిని పండుగ పేరు చెప్పి కాదన్నదీ నేనే. నా ఉత్తరంలో లేని వాక్యం ఇదే.

ఆనాడు ఇద్దరమూ నేల మీదనే కూర్చుని ఒప్పందం వ్రాసుకున్నాము. కూలి అతడు పెట్టుకోవాలి, జిగురు, పగిలిన టైల్సు నేను తెచ్చుకోవాలి. పూత పూసిన తరువాత 48 గంటలు నీరు నిలిపి ఇద్దరమూ చూచాకనే టైల్సు వేయాలి. మిగిలిన 6,000 పని ముగిసిన రోజున గాక, పదిహేను రోజులు వాడి చూచిన తరువాత ఇవ్వాలి.

ఈసారి తొందరపెట్టలేదు. తాపీ నది పారే సీమలో తాపీ మేస్త్రీ పనిని తాపీగానే చేయనివ్వాలని తెలిసి వచ్చింది. 13 రోజులు పట్టింది. నీరు నిలిపిన రెండవ రాత్రి అతడు చెప్పకుండానే వచ్చి, దీపం వేసి గోడ మీది గీతను చూచి వెళ్ళాడు.

పదహారవ నాడు 6,000 చేతిలో పెట్టాను. లెక్కపెట్టకుండానే జేబులో వేసుకున్నాడు. అమ్మ లోపలి నుండి కేక వేసింది. ఉలిక్కిపడి ఇద్దరమూ గుమ్మం దగ్గరకు పరుగెత్తాము.

‘ఏమీ లేదురా’ అన్నదామె, కడ్డీ పట్టుకుని నిలబడి. ‘నీళ్ళు ఎటు పోతున్నాయో ఆ పిల్లవాడిని కూడా చూడమను.’

నీరు సన్నని పాయగా, ఎక్కడా ఆగకుండా, రంధ్రం వైపు సాగిపోతున్నది.