గంజాయి తాగితే క్లియరెన్స్ రాదా?

అమెరికాలో వర్జీనియా, మేరీలాండ్‌లలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు కొందరు రక్షణ శాఖ కాంట్రాక్టు కంపెనీల్లో చేరుతున్నారు. అక్కడ చాలా పనులకు సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసే అనుమతి ఉండాలి. కాలేజీ రోజుల్లో తాగిన గంజాయి దానికి అడ్డం వస్తే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. తప్పుడు సలహాలు చెవినపడేది అప్పుడే.

అపోహ: ఒక్కసారి వాడినా ఇక జన్మలో రాదు.
వాస్తవం: 2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల ప్రకారం ఎప్పుడు, ఎంత తరచుగా వాడారు, మానేసి ఎన్నాళ్లయింది, వాడేవారితో స్నేహాలు వదులుకున్నారా అన్నవి చూస్తారు. ఇక ముట్టనని, ముడితే క్లియరెన్స్ రద్దుకు కారణమవుతుందని ఒప్పుకుంటూ సంతకం చేసిన పత్రానికీ విలువుంది. ఇప్పటికీ వాడుతున్నవారికి మాత్రం చట్టమే ఇవ్వొద్దంటుంది.

అపోహ: మా రాష్ట్రంలో గంజాయి నేరం కాదుగా!
వాస్తవం: ఇక్కడ ఫెడరల్ చట్టమే లెక్క. గంజాయే కాదు, పరీక్షల ముందు రూమ్మేట్‌కి డాక్టర్ రాసిన అడరాల్ మాత్ర అడిగి వేసుకున్నా చెప్పాల్సిందే.

అపోహ: రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?
వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఈ మాటే. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారం గత ఏడేళ్ల వాడకం అడుగుతుంది. క్లియరెన్స్ ఉండగా వాడితే అది ఎప్పటిదైనా రాయాలి. దాస్తే నిజాయితీ మీద రెండో అభియోగం పడుతుంది. తెలిసి అబద్ధం రాయడం నేరం కూడా. డ్రగ్స్ గురించి నిజం రాస్తే దాన్ని క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడబోమని ఆ ఫారమే చెబుతుంది. పరువు కోసం దాచమని పిల్లలకు చెప్పే అమ్మానాన్నలకు ఈ సంగతి తెలియాలి.

అపోహ: కాదంటే అప్పీల్లో అన్నీ చెప్పుకోవచ్చు.
వాస్తవం: కాంట్రాక్టు ఉద్యోగికి ముందు వచ్చేది కారణాల పత్రం, 'స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్'. అది తుది తిరస్కరణ కాదు. 20 రోజుల్లో ఒక్కో ఆరోపణకూ ఔననో కాదనో జవాబివ్వాలి. విచారణ కావాలంటే అందులోనే అడగాలి. డ్రగ్ పరీక్షల ఫలితాలు, కౌన్సెలర్ నివేదిక, పాత వాడకం సంగతి తెలిసీ మీ మీద నమ్మకముందని చెప్పగల పైఅధికారి సాక్ష్యం, అన్నీ ఆ విచారణ జరిపే జడ్జి ముందే పెట్టాలి. ఓడితే 15 రోజుల్లో అప్పీలు నోటీసు ఇవ్వొచ్చు. కానీ అప్పీల్ బోర్డు కొత్త సాక్ష్యం తీసుకోదు, జడ్జి పొరబడ్డారా లేదా అన్నదే చూస్తుంది.

అపోహ: అక్కడా ఓడితే కోర్టుంది.
వాస్తవం: క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని సుప్రీంకోర్టు 1988లోనే ఈగన్ కేసులో చెప్పింది. ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయంలో కోర్టులు వేలు పెట్టవు. అయితే ఏడాది తర్వాత మళ్లీ కోరవచ్చు. ఆ ఏడాది డ్రగ్స్ జోలికి వెళ్లకుండా గడిపితే అదీ లెక్కలోకి వస్తుంది.