పత్తిచేలోని పురుగు - పిల్లల ప్రశ్న

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్టనేలలలో పత్తియు మిరపయు ముఖ్యములగు పైరులు. 2022 వఱకు కృష్ణామండలమందుండి పిదప ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన యీ తావులయందు పత్తితీత చాలవఱకు స్త్రీల పని. తల్లుల వెంట చేనికేగు పిల్లలకు బి.టి. యను పేరు విత్తనపు పొట్లముమీదనే పరిచితమగుచున్నది. వారడుగు ప్రశ్నయు సామాన్యముగ నొక్కటే: "ఆ పత్తి తిన్న పురుగు చచ్చునట గదా! పత్తిగింజలు తిన్న మన గేదె చావదా? దాని పాలు త్రాగిన మేమో?" ఊరకుండుమని గద్దించుట దీనికి సమాధానము కాదు. అంతయు విషమేయని బెదరించుటయు సమాధానము కాదు. సోదరీమణులు తమ పిల్లలకు చెప్పుకొనుటకు వీలుగ మే మెఱిగినంత యిచట వ్రాయుచున్నాము.

ప్రతి ప్రాణి శరీరమందును దాని రూపగుణములను నిర్ణయించు గ్రంథమొకటి కలదనుకొనుడు. అది నాలుగే యక్షరములతో వ్రాయబడినది. అందలి యొక్కొక్క పద్యమువంటిది జన్యువు. తాళపత్రములకు ప్రతి వ్రాయు లేఖకుడు వేఱొక గ్రంథమందలి పద్యమును నడుమ చేర్చిన దానిని ప్రక్షిప్తమందుము గదా, బి.టి. పత్తియు నట్టిదే. ప్రాణులన్నిటికి లిపి యొక్కటియే గనుక సూక్ష్మజీవి గ్రంథములోని పద్యమును పత్తిమొక్క తడబడక చదువుకొనుచున్నది. అంటుమామిడి యిట్టిది కాదు. అందు రెండు చెట్లు కలసి పెరుగునే కాని యే గ్రంథమును మాఱదు.

ఆ పద్యము వచ్చినది బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవినుండి. 1901లో జపానుదేశమున పట్టుపురుగులు చచ్చుచుండగా ఇషివాత యను శాస్త్రజ్ఞుడు దీనిని కనిపెట్టెను. 1911లో జర్మనీయందు బెర్లినర్ అనువాడు పిండి నాశ్రయించు పురుగులలో మరల కనుగొని తురింజియా ప్రాంతము పేరు పెట్టెను. దాని జన్యువును మొక్కకు చేరవేయుటకు మఱియొక మట్టి సూక్ష్మజీవి సాయపడును. మొక్కలలోనికి జన్యువులను చొప్పించుట దానికి పుట్టుకతో వచ్చిన విద్య. నలదమయంతుల నడుమ హంసవంటి దిది యని చెప్పిన పిల్లలు మఱవరు.

ఇక గేదె సంగతి. ఆ జన్యువు వలన మొక్కలో నొక మాంసకృత్తు పుట్టును. అది తాళపుచెవి వంటిది. కాయతొలుచు పురుగు కడుపు క్షారగుణము కలది. అందా మాంసకృత్తు కరగి, ప్రేగుగోడమీది తగిన తాళములో దూరి, గోడకు రంధ్రములు చేయును. పురుగు మేత మాని చచ్చును. మన కడుపులోనిది ఆమ్లము. అందది పప్పులోని మాంసకృత్తువలెనే జీర్ణమగును, ఆ తాళములును మన ప్రేగులందు గాని పశువుల ప్రేగులందు గాని లేవు. శుద్ధిచేసిన పత్తిగింజల నూనెలో మాంసకృత్తు దాదాపు మిగులనే మిగులదు. 2006లో వరంగల్లు జిల్లాయందు పత్తిచేలలో మేసిన గొఱ్ఱెలు చచ్చినవని కాపరులు మొఱపెట్టుకొనిరి. అది బి.టి. వలననే యని రుజువు కాలేదు గాని, ఆ వాదము నేటికిని సమసిపోలేదు. పత్తిగింజకు స్వతస్సిద్ధమైన విషమొకటి వేఱుగ కలదు, దాని పేరు గాసిపాల్. లేగదూడలకు గింజలు పెట్టరాదనుట దానివలననే. సహజమైనదెల్ల హితమేయని వాదించువారు దీనికేమందురో!

మనదేశమున బి.టి. పత్తికి 2002 మార్చిలో అనుమతి లభించెను. 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు పైగా అమ్ముచుండగా, 2006లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వ్యాజ్యమాడి 750 రూపాయలకు దింపించెను. రెండు జన్యువుల రకము వచ్చినదియు నా యేడే. శనగపచ్చ పురుగు తగ్గెను, దానిపై చల్లు మందును తగ్గెను. పేనుబంకకు, దోమకు ఈ తాళపుచెవి పట్టదు గనుక వానికి మందు తప్పలేదు.

పెద్ద పొట్లముతోపాటు 120 గ్రాముల చిన్న పొట్లమొకటి యిచ్చెడివారు. అందున్నది బి.టి. లేని పత్తి, దానిని చేనిచుట్టు విత్తవలెను. పురుగులను పెంచుటకా యని పిల్లలు నవ్వుదురు. అవును, పెంచుటకే! వేయింట నొక పురుగు పుట్టుకతోనే తాళము మాఱినదై బ్రదుకుననుకొందము. చేనంతయు బి.టి. యైన, బ్రదికినవి తమలో తాము జతకట్టి తమవంటి సంతతినే కనును. చుట్టు మామూలు పత్తి యున్న, అచట పెరిగిన సాధుపురుగులు వానితో జతకట్టుటచే తాళము మాఱిన సంతతి త్వరగ ప్రబలదు. ఈ మర్మము చెప్పువారు లేక కాబోలు, పెక్కుమంది చిన్న పొట్లమును మూలబెట్టిరి. గులాబిరంగు పురుగు మొదటి రకమును జయించినదని 2010లో గుజరాతునుండి వార్త వచ్చెను. పిదప కొలది యేండ్లకే రెండవ రకమును గెలిచి మనవైపు చేలలోను కాయలు తొలుచుచున్నది. ఇపుడా మామూలు గింజలను పెద్ద పొట్లములోనే కలిపి యమ్ముచున్నారు. మొదటనే యట్లు చేసియుండిన బాగుండెడిదని మా యభిప్రాయము.

దాచి విత్తిన గింజ మొలవదను వదంతి నిజము కాదు. మొలచును. సంకర విత్తనమగుటచే తల్లిమొక్క గుణములు పిల్లమొక్కలకు సరిగా రావు, అందుచేతనే యేటేట కొనవలసివచ్చుచున్నది.

మన వంటయింటి వంకాయకును ఇదే జన్యువును చేర్చిరి. హైదరాబాదు మొదలగు పట్టణములలో సభలుచేసి జనుల మాట విన్న పిదప, 2010 ఫిబ్రవరి 9న కేంద్రమంత్రి జైరాం రమేశ్ గారు దానిని నిలిపివేసిరి. బంగ్లాదేశము 2013లో అనుమతించెను. మనదేశమున నిట్టి పైరులలో సేద్యమగుచున్నది నేటికిని పత్తి యొక్కటియే. కావున గుత్తివంకాయకు కాయలు తరుగునపుడు పురుగు తల యెత్తి చూచిన, ఇది బి.టి. కాదమ్మా యని పిల్లలు ధైర్యముగ చెప్పవచ్చును.