బొమ్మను నేలపై నిలిపేది నీడే: గ్రాఫిక్స్ చిత్రాల్లో ఛాయల రూపకల్పన ఎలా?

పుదుచ్చేరి: యాన్ మార్టెల్ నవల ఆధారంగా ఆంగ్ లీ దర్శకత్వంలో 2012లో వచ్చిన ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్ర కథ పుదుచ్చేరిలో మొదలవుతుంది. తొలి ఘట్టాల్లో కొన్నింటిని ఈ పట్టణంలోనే చిత్రీకరించారు. కథానాయకుడితో ఒకే పడవలో సముద్రంపై ప్రయాణించే పులి రిచర్డ్ పార్కర్ మాత్రం అధిక భాగం దృశ్యాల్లో కంప్యూటర్ సృష్టే. నటుడు సూరజ్ శర్మ ఆ దృశ్యాలను ఎదుట పులి లేకుండానే నటించారు. అయినా ప్రేక్షకులు ఆ పులి బరువును, ఉనికిని నమ్మారు. ఆ నమ్మకం కలగడంలో బొచ్చు, కండరాలు, చూపులతో పాటు పాదాల కింది నీడకూ ముఖ్యమైన పాత్ర ఉంది.

నీడ లేకపోతే ఏమవుతుంది?

వస్తువు ఎక్కడ ఉందో నిర్ణయించడానికి మన కన్ను నీడపై ఎంతగానో ఆధారపడుతుంది. డేనియల్ కెర్‌స్టెన్ బృందం 1997లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. పెట్టె వంటి దృశ్యంలో ఒక బంతి ఒకే మార్గంలో కదులుతుంది. నీడ దాన్ని అంటిపెట్టుకుని సాగితే బంతి నేలపై దొర్లుతున్నట్లు, నీడ దూరంగా జరిగితే గాలిలోకి లేస్తున్నట్లు చూపరులకు తోచింది. బంతి గమనంలో ఏ మార్పూ లేదు. మారింది నీడ ఒక్కటే.

గమనించవలసిన మూడు అంశాలు

మొదటిది స్పర్శ. వస్తువు నేలను తాకే చోట ఆకాశం నుంచి, పరిసరాల నుంచి వచ్చే కాంతి దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. అందుకే అక్కడ సన్నని గాఢమైన చీకటి ఏర్పడుతుంది. అది లోపిస్తే ఎంత చక్కని బొమ్మ అయినా నేలకు అంటక తేలుతున్నట్లే ఉంటుంది.

రెండవది అంచు. సూర్యుడు చుక్క కాదు. ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పున కనిపించే బింబం. అందువల్ల వస్తువుకు, నీడ పడే చోటుకు మధ్య మీటరు దూరం ఉంటే నీడ అంచు దాదాపు 9 మిల్లీమీటర్ల మేర, పది మీటర్లుంటే 9 సెంటీమీటర్ల మేర మసకబారుతుంది. పుదుచ్చేరి బీచ్ రోడ్డులోని దీపస్తంభం నీడ మొదట్లో పదునుగా, కొసన మెత్తగా ఉండటానికి కారణం ఇదే.

మూడవది రంగు. ఆరుబయట నీడ నల్లగా ఉండదు. ఎండ అందని చోట కూడా ఆకాశపు నీలికాంతి పడుతుంది. వైట్ టౌన్‌లోని పసుపు గోడల పక్కనైతే గోడ నుంచి పరావర్తనం చెందిన కాంతి నీడకు పసుపు ఛాయను అద్దుతుంది.

కంప్యూటర్ లెక్క

నీడలను లెక్కించే పద్ధతిని ఫ్రాంక్ క్రో 1977లో ప్రతిపాదించారు. మరుసటి ఏడాది లాన్స్ విలియమ్స్ మరో మార్గం చూపారు. ముందుగా దీపం ఉన్న చోటు నుంచి దృశ్యాన్ని చూసి, అక్కడి నుంచి కనిపించని బిందువులను నీడలో ఉన్నవిగా గుర్తించడం ఆ పద్ధతి సారం. 1980లో టర్నర్ విట్టెడ్ వివరించిన రే ట్రేసింగ్‌లో ప్రతి బిందువు నుంచి దీపం వైపు ఒక కిరణాన్ని పంపి, దారిలో అడ్డు ఉందో లేదో పరీక్షిస్తారు. దీపం ఉపరితలంపై వేర్వేరు చోట్లకు అనేక కిరణాలను పంపితే మెత్తని అంచు వస్తుంది.

స్పర్శ వద్ద చీకటి కోసం ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ 2001 నాటి ‘పెర్ల్ హార్బర్’ చిత్రంలో యాంబియెంట్ అక్లూజన్ పద్ధతిని వాడింది. ఒక బిందువు చుట్టూ ఉన్న ఆకాశంలో ఎంత భాగం మూసుకుపోయిందో ఇది కొలుస్తుంది.

నిజ దృశ్యంలో కలిపేటప్పుడు

చిత్రీకరించిన దృశ్యంలో బొమ్మను చేర్చాలంటే అక్కడి వెలుగు తెలియాలి. అద్దపు గోళాన్ని ఫొటో తీసి పరిసర కాంతిని నమోదు చేసే విధానాన్ని పాల్ డెబెవెక్ 1998లో వివరించారు. స్థలం, తేదీ, వేళ తెలిస్తే సూర్యుడి దిశను కచ్చితంగా లెక్కించవచ్చు. పుదుచ్చేరిలో ఏటా ఏప్రిల్ 21, ఆగస్టు 21 ప్రాంతాల్లో మధ్యాహ్నం 12.10 గంటల సమయానికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిలువు స్తంభానికి పక్కకు నీడే పడదు. అదే దృశ్యంలో ఒక బొమ్మకు పొడవాటి నీడ వేస్తే మోసం బయటపడుతుంది.

తరువాత కంటికి కనిపించని నేల నమూనాపై నీడను మాత్రమే పట్టి, ఆ మేరకు అసలు దృశ్యాన్ని మసకపరుస్తారు. అప్పటికే గోడ నీడలో ఉన్న నేలను మళ్లీ ఎండ నీడతో నల్లబరచడం తరచూ జరిగే పొరపాటు. సూర్యకాంతిని ఒకసారే అడ్డుకోగలం.

కనిపించని శ్రమ

రిచర్డ్ పార్కర్‌ను తీర్చిదిద్దిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు లాస్ ఏంజెలెస్‌తో పాటు హైదరాబాద్, ముంబయిల్లోనూ స్టూడియోలు ఉండేవి. అక్కడి కళాకారులూ ఈ చిత్రానికి పనిచేశారు. 2013 ఫిబ్రవరి 24న ‘లైఫ్ ఆఫ్ పై’ విజువల్ ఎఫెక్ట్స్ సహా నాలుగు ఆస్కార్‌లు గెలుచుకుంది. అదే నెలలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరుతూ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. వేడుక వెలుపల గ్రాఫిక్స్ కళాకారులు నిరసన తెలిపారు. వేదికపై బిల్ వెస్టెన్‌హోఫర్ సంస్థ ఇబ్బందులను ప్రస్తావిస్తుండగా సంగీతం మొదలై ఆయన ప్రసంగం మధ్యలోనే ఆగిపోయింది.

నీడ సరిగా కుదిరితే దాన్ని ఎవరూ గుర్తించరు. కుదరకపోతే దృశ్యమంతా చెడుతుంది. ఈ శ్రమకు తగిన విలువ కట్టడం ఎలాగన్నదే ఆనాటి నిరసనకారులు లేవనెత్తిన ప్రశ్న.